లాగి చూడందే నమ్మని మార్తక్క

గ్లూ గన్ వేడెక్కేటప్పుడు ఒక వాసన వస్తుంది. కొవ్వొత్తి వాసనా కాదు, కాలిన ప్లాస్టిక్ వాసనా కాదు, రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. అనంతపురంలో మా రిపేరు షాపులో రోజూ ఉండే వాసనే. అయినా ఎండాకాలం వచ్చి పైన రేకులు టపటపమంటున్నప్పుడు ఆ వాసన తగిలితే, నా చెయ్యి చేస్తున్న పని వదిలేసి, ఎదురుగా అతికించి ఉన్నదాన్ని దేన్నయినా పట్టుకుని లాగుతుంది. మొన్న ఒక కాలేజీ వాళ్లు రిమోట్‌తో ఎగిరే తమ ఫోమ్ విమానాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ముక్కు నలిగిపోయింది, ఒక రెక్క సగానికి విరిగింది. "గాలికి పడిపోయింది మేడమ్, మేమేమీ చేయలేదు" అన్నారు. నేను విరగని రెక్కలో ఉన్న చిన్న మోటారు పెట్టెను రెండు వేళ్లతో పట్టుకుని లాగాను. ఊడి చేతిలోకి వచ్చింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు మాత్రం మార్తక్క గుర్తొచ్చి, ఆ పూట ఇంకే పనీ సాగలేదు.

మార్తక్క మీకెవరికీ తెలియదు. కళ్యాణదుర్గంలో ఫంక్షన్ హాళ్లకు థర్మాకోల్ అలంకరణ చేసేది. పెళ్లి వేదిక మీద వధూవరుల పేర్లు, బారసాలకు ఊయలలు, క్రిస్మస్‌కు చర్చి ముందు వేలాడే నక్షత్రాలు, అన్నీ ఆవిడ చేతి పనే. పొట్టి మనిషి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. ఆ చుట్టుపక్కల బీడు భూముల్లో విమానాలు ఎగరేసుకోవడానికి బెంగళూరు నుంచి కొందరు సరదారాయుళ్లు సెలవు రోజుల్లో వచ్చేవారు. చెట్టు గానీ కరెంటు తీగ గానీ అడ్డం రాని నేల వాళ్లకు మా వైపు తప్ప ఎక్కడ దొరుకుతుంది? ఒకసారి వాళ్లు కూలిన విమానాన్ని కంపచెట్లలో వదిలేసి పోతే మార్తక్క తెచ్చుకుంది. ఫోమ్ ఆవిడకు కొత్త కాదు గనుక అతికించింది. మిగతాదంతా విప్పి చూసి, మళ్లీ బిగించి, విరగ్గొట్టుకుంటూ నేర్చుకుంది. కొన్నాళ్లకు వాళ్లే కూలిన విమానాలన్నీ ఆవిడ దగ్గరికి తేవడం మొదలుపెట్టారు. పని పెరిగి ఒక మనిషి కావాల్సి వచ్చినప్పుడు నేను వెళ్లాను. అప్పటికి డిప్లొమా పూర్తి చేసి, ఏ ఉద్యోగమూ దొరక్క, ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ ఉన్నాను.

వెళ్లిన రోజు నా సర్టిఫికెట్లు తీసి చూపించబోతే వద్దంది. ఒక రెక్క ముక్కను నా ముందుకు తోసింది. దాంట్లో అగ్గిపెట్టె కంటే చిన్న నీలం రంగు పెట్టె ఒకటి ఉంది. దాన్నే సర్వో అంటారు. కింద మనం రిమోట్‌లో పుల్ల కదిపితే పైన ఆ పెట్టెకున్న చిన్న చెయ్యి తిరుగుతుంది. ఆ చేతికి కట్టిన తీగ రెక్క అంచున ఉండే పలకను లేపుతుంది, దించుతుంది. విమానం ఎటు తిరిగినా ఆ పెట్టె తిప్పితేనే. ఆ పెట్టే కదిలిపోతే విమానం ఇక ఎవరి మాటా వినదు.

"గట్టిగా ఉండాదా?" అని అడిగింది.

నేను వేలితో మెల్లగా తట్టి, "ఉంది మేడమ్" అన్నాను.

"మల్లెపూలు కోస్తాండావా? పట్టుకోని లాగు మే!"

లాగాను. ఊడింది. నేనేదో పాడు చేశానని బెదిరిపోయాను. ఆవిడ తృప్తిగా నవ్వింది. "నేనే సగం అతికించి పెట్టినా. సూస్తే గట్టిగానే ఉంటాది. సూసి ఉండాది అన్నావు సూడు, అదే వద్దంటాండా. ఇంగొక సంగతి, మేడమ్ అనద్దు. అక్కా అను."

ఆవిడ నమ్మనిది విమానాల్ని మాత్రమే అనుకుంటే పొరపాటు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూసేది. ఆదివారం చర్చికి ముందుగా వెళ్లి, పాస్టరుగారు ఇంకా రాకముందే మైకు స్టాండును ఊపి చూసేది. పాస్టరుగారికి ఇది తెలుసు, కొంచెం కోపం కూడా. ఆటో ఎక్కితే కూర్చునే ముందు సీటును లాగేది. మొదట్లో నాకు ఇదంతా ఎంత చిరాకనిపించేదో చెప్పలేను. నేను బిగించిన ప్రతిదాన్నీ నా కళ్ల ముందే లాగేది. ఒకసారి ఉండబట్టలేక, "నా మీద నమ్మకం లేదా అక్కా?" అని అడిగేశాను. "నీ మీద ఎందుకు లేదు? నీ జిగురు మీద లేదు" అని, లాగడం మాత్రం ఆపలేదు.

పడిపోయిన విమానాన్ని తెచ్చిన వాళ్లు చెప్పే కథను అసలు వినేది కాదు. వాళ్లు గాలి అనేవారు, గద్ద వచ్చి తగిలింది అనేవారు. ఆవిడ తలూపుతూనే విరిగిన చోటు తిప్పి చూసేది. సర్వో ఊడి ఉంటే దాని అడుగున అంటుకున్న జిగురును వెలుతురులో పెట్టేది. అప్పుడే నాకు ఆ రహస్యం చెప్పింది. కింద పడిన దెబ్బకు ఊడిన సర్వో ఒంటరిగా రాదు, జిగురుకు ఫోమ్ గింజలు అంటుకుని వస్తాయి, తెల్లగా, రవ్వ చల్లినట్టు. అలా కాకుండా జిగురు నున్నగా, గాజులా మెరుస్తూ ఉందంటే అది పడకముందే, గాలిలోనే పట్టు వదిలేసిందన్నమాట. అంటే విమానం పడినందుకు సర్వో ఊడలేదు. సర్వో ఊడినందుకే విమానం పడింది.

ఆవిడ పద్ధతిలో సర్వోకు ముందు కాగితం టేపు చుట్టాలి, రేపు మార్చాల్సి వస్తే పెట్టె పగలకుండా. ఫోమ్‌లో గూడు ఇరుకుగా కోయాలి. గూటి అడుగున ఐస్‌క్రీమ్ పుల్లను రెండు ట్యూబుల్లోది కలిపి వాడే గమ్ముతో పాతి, అది ఆరేదాకా ఓపిక పట్టాలి. సర్వోను దాని మీద కూర్చోబెట్టి దారంతో పుల్లకు కట్టాలి. గ్లూ గన్ జిగురు ఆ తర్వాతే, చుట్టూ సందులు నింపడానికి మాత్రమే. "ఇది వేడికి వచ్చింది, వేడికే పోతాది. మన ఎండకు దీన్ని నమ్మేదెట్ల?" అనేది. నాకు అది కూడా ఆవిడ మామూలు అనుమానంలాగే కనిపించేది.

ఇలా ఉండగా నారాయణప్ప అనే రైతు షాపుకు వచ్చాడు. కంబదూరు వైపు ఆయనకు బోరు కింద పొద్దుతిరుగుడు చేను ఉంది. చుట్టూ ఎక్కడా పచ్చన లేని ఎండాకాలంలో ఆ ఒక్క చేను పచ్చగా కనిపిస్తే చిలకలు వదులుతాయా? గుంపులుగా వచ్చి పువ్వుల్లోని గింజలు ఒలుచుకు తింటున్నాయి. డేగ ఆకారంలో విమానం చేసి చేను మీద తిప్పితే అవి బెదిరి పోతాయని మార్తక్క చెప్పింది. తాను మనసుపడి చేసిన డేగ అది. రెక్కల కింద చారలు కూడా దిద్దింది. అది పనిచేస్తే ఇంకా ఎన్నో చేల వాళ్లు పిలుస్తారని, పెళ్లి పేర్లు కోసే పని తగ్గించుకోవచ్చని ఆశపడింది. ఆవిడ ఒకదాన్ని అంత నమ్మడం నేను చూడటం అదే మొదలు.

ఊళ్లోకి వెళ్లాక గానీ మాకు అసలు సంగతి తెలియలేదు. ఆ ఊరివాళ్లు ఆకాశంలో తిరిగే దేన్నీ నమ్మరు. కొండ మీద గాలిమరలు పెట్టినప్పటి నుంచే మబ్బులు ఆగడం లేదని వాళ్ల గట్టి అభిప్రాయం. ఆ తర్వాత ఎవరో వచ్చి, ఊరికే చూసిపోతామని చెప్పి భూములు కొలుచుకున్నారు. కొన్నాళ్లకు ఆ భూముల్లో సోలార్ పలకలు లేచాయి. ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్లు ఆటోలో విమానం పెట్టుకుని వచ్చి, చిలకల్ని తోలతామంటున్నారు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన మమ్మల్ని నిలదీశాడు. "నిజం చెప్పండి. దాంట్లో కెమెరా యాడ పెట్టినారు?" లేదంటే నమ్మలేదు. మార్తక్క నొచ్చుకోకుండా డేగను ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, పొట్టలో వేలు పెట్టి చూసి, చివరికి వాసన కూడా చూసి ఇచ్చేశాడు. దారిలో మార్తక్క, "మంచి మనిషి. ముట్టుకోని సూసినాడు" అంది.

అందరికంటే ఎక్కువ అనుమానం వన్నూరప్పకు. ఆ చేనికి కాపలాదారు అతను. మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసురుతూ, డబ్బా వాయిస్తూ పొద్దుగూకేదాకా చిలకల్ని తోలేవాడు. భార్య కడుపుతో ఉంది. ఆ కాపలా పోతే ఆమెను వదిలి బెంగళూరుకు కట్టడం పనికి పోవాల్సిందే. డేగ వచ్చిందంటే తన పని అయిపోయినట్టేనని ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది. మమ్మల్ని చూసి పలకరించలేదు. మాకిచ్చే మంచినీళ్ల చెంబు కూడా దూరంగా పెట్టి పోయాడు.

నారాయణప్ప ఇంట్లో మాకు రాగిముద్ద పెట్టారు. ఎండ తగలకుండా డేగకు నల్ల ప్లాస్టిక్ పట్ట చుట్టి ఆటో పైన కట్టి ఉంచాం. తిని, చేలోకి వెళ్లి ఎగరేశాం. మొదట ఎంత అందంగా తిరిగిందో! చిలకలన్నీ ఒక్కసారిగా లేచి, పచ్చటి దుప్పటి దులిపినట్టు గట్టు అవతలికి పోయాయి. నారాయణప్ప మీసం మీద చెయ్యి వేశాడు. రెండోసారి చేను చుట్టి మంచె వైపు వచ్చినప్పుడు, వన్నూరప్ప చెయ్యి పైకి లేవడం, వడిసెల తిరగడం చూశాను. అదే క్షణంలో డేగ ఒక పక్కకు ఒరిగింది. మార్తక్క రిమోట్‌లో పుల్లను ఎంత నెట్టినా తేరుకోలేదు. గిరగిరా తిరుగుతూ వచ్చి గట్టు మీద పడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకెవరు చేసి ఉంటారు? నేను నోరు తెరిచేలోగానే నారాయణప్ప కేకలు మొదలుపెట్టాడు. "నా ఉప్పు తిని నా చేన్లోనే రాయి వేస్తావా? దిగరా కిందికి!" జనం పోగయ్యారు. వన్నూరప్ప దిగి వచ్చి, "నేను చిలకల్ని కొట్టినాను, దాన్ని కొట్టలేదు" అన్నాడు. ఎవరూ వినలేదు. ఎవరో అతని చేతిలోని వడిసెల లాక్కున్నారు. ఒకసారి యజమాని సొమ్ము పాడు చేశాడని పేరు పడితే ఆ చుట్టుపక్కల ఇంకెవరు చేను అప్పగిస్తారు? అది అతనికీ తెలుసు. మొహంలో నెత్తురు లేదు.

నేను మార్తక్కతో, "వాడే కొట్టినాడు అక్కా, నేను సూసినా" అన్నాను.

"రాయి తగలడం సూసినావా, చెయ్యి లేవడం సూసినావా?"

"చెయ్యి."

"అయితే అంతే చెప్పు" అని గట్టు మీద కూర్చుంది. విరిగిన రెక్కను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఊడి తీగకు వేలాడుతున్న సర్వోను చేతిలోకి తీసుకుంది. దాని మట్టిని కొంగుతో తుడిచింది. అందరూ ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. ఒక్క మాట, వన్నూరప్పే కొట్టాడని అంటే చాలు. డేగ పేరు నిలబడుతుంది, ఆవిడ పేరూ నిలబడుతుంది.

ఆవిడ ఇంకో రెక్కను వన్నూరప్ప ముందు పెట్టింది. "దీంట్లో సర్వోను లాగప్పా."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను ముట్టుకోను. ముట్టుకుంటే నేనే పీకినానంటారు."

"సరే, నువ్వు లాగు నారాయణప్పా. గట్టిగా లాగు."

నారాయణప్ప లాగాడు. రాలేదు. పళ్లు బిగించి లాగితే పుల్లతో సహా, గుప్పెడు ఫోమ్‌ను చీల్చుకుని వచ్చింది. మార్తక్క దాన్నీ, ఊడిన దాన్నీ ఒక అరచేతిలో పక్కపక్కన పెట్టి అందరికీ చూపించింది. ఒకదాని అడుగున తెల్లటి గింజలు. రెండోదాని అడుగున నున్నటి జిగురు, మరేమీ లేదు.

"ఇది పైనే ఊడింది. రాయి తగిలి ఊడింటే ఇట్ల రాదు. పాత సర్వో కాలిపోతే మొన్న కొత్తది వేసినా. పెళ్లి పని తొందరలో పుల్ల పెట్టలేదు, దారం కట్టలేదు, ఉత్త జిగురుతో అతికించినా. నల్ల పట్టలో ఎండకు పెట్టినాము, కరిగి వదిలేసింది. తప్పు నాది. ఆయప్ప వడిసెల ఆయప్పకు ఇచ్చేయండి."

జనం వెంటనే ఏమీ చల్లబడలేదు. ఎవరి తప్పును వాళ్లు ఇలా నలుగురిలో ఒప్పుకుంటారా, దీని వెనక ఇంకేదో ఉందని గుసగుసలు పోయారు. కెమెరా సంగతి అడిగిన ముసలాయన మాత్రం రెండు సర్వోలనూ అడిగి తీసుకుని, గోటితో గీకి చూసి, "నిజమే" అన్నాడు. నారాయణప్ప మొహం మాడ్చుకుని, డేగ వద్దు గీగ వద్దు, కాపలానే మేలు అనేశాడు. వన్నూరప్ప వడిసెల తీసుకుని మంచె ఎక్కాడు. మా వైపు తిరిగి కూడా చూడలేదు.

ఆటోలో తిరిగి వస్తుంటే నా బుర్రలో ఒక పురుగు దొలవడం మొదలైంది. కొంగుతో తుడిచింది. మట్టినే తుడిచిందా? ఫోమ్ గింజల్ని కూడా రాల్చేసి, కడుపుతో ఉన్న అతని భార్యను తలచుకుని, లేని తప్పు నెత్తిన వేసుకుందా? పైగా ఆ సర్వో అతికించినప్పుడు నేను పక్కన లేను. అందరి పనీ లాగి చూసే మనిషి, తన పనిని లాగకుండా వదిలేసిందంటే ఎట్లా నమ్మడం? అడగడానికి భయం, అడగకపోతే ఊపిరాడదు. చివరికి అడిగేశాను. "అక్కా, నువ్వు నిజంగానే పుల్ల పెట్టలేదా? ఆయప్ప కోసం అట్ల చెప్పినావా?"

కోప్పడుతుందనుకున్నాను. కళ్లద్దాలు తీసి నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. "నన్నడిగితే ఏం తెలుస్తాది? రేపు చేసి సూడు" అంది.

మర్నాడు చేశాను. ఒక ఫోమ్ ముక్కలో పాత సర్వోలు రెండు పెట్టాను. ఒకటి ఆవిడ పద్ధతిలో, ఒకటి ఉత్త జిగురుతో. అదే నల్ల పట్ట చుట్టి షాపు రేకుల మీద పెట్టి, అన్నం తినకుండా కింద కూర్చున్నాను. ఎండ నడినెత్తి దాటాక దించి లాగాను. పుల్ల ఉన్నది కదలలేదు; బలమంతా పెట్టి పీకి, దాని అడుగున గింజల్ని గుడ్డతో ఎంత రుద్దినా రాలలేదు. ఉత్త జిగురుది రెండు వేళ్లకే వచ్చేసింది, అడుగున నున్నగా, అచ్చం నిన్నటి దానిలాగే. ఆవిడ అబద్ధం ఆడలేదన్న సంతోషంలో నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆవిడ ఎవరిదో పెళ్లికి అక్షరాలు కోస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"వచ్చిందా?"

"వచ్చింది అక్కా."

"ఎట్ల వచ్చింది?"

"నున్నగా."

"నన్ను కూడా నమ్మలేదు సూడు. ఇంగ షాపు నువ్వు నడపొచ్చు" అంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత కూడా నేను బిగించినవి లాగడం మానలేదనుకోండి. కాకపోతే ఆ రోజు నుంచి తాను బిగించినవి నా ముందు పెట్టి, నన్ను లాగమనేది.

డేగ మళ్లీ ఎగరలేదు. ఆ సంగతి ఊరూరా పాకి, చేల వాళ్లెవరూ పిలవలేదు. మార్తక్క చివరిదాకా పెళ్లి పేర్లు కోస్తూనే ఉంది. పోయినేడు మే నెలలో, పెద్దగా జబ్బు పడకుండానే పోయింది. సమాధి మీద పెట్టే పూలచక్రానికి ఆవిడ పేరు నేనే థర్మాకోల్‌తో కోశాను. ఎన్ని పేర్లు కోసిన చేతులో, ఆ చేతుల మనిషి పేరు కోస్తుంటే బ్లేడు వంకర పోయింది. జిగురు వాడలేదు. ప్రతి అక్షరాన్నీ వెదురు పుల్లలతో గుచ్చి, దారంతో కట్టాను. శ్మశానంలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, నా చెయ్యి నాకు తెలియకుండానే ఒక్కో అక్షరాన్నీ లాగి చూస్తోంది.

నా పక్కన ఇంకో చెయ్యి వచ్చి చివరి అక్షరాన్ని పట్టుకుని లాగింది. చూస్తే వన్నూరప్ప. జుట్టు నెరిసింది. "గట్టిగానే ఉండాది" అన్నాడు. అందరూ మట్టి వేసి వెళ్లిపోయాక కూడా అతను కదల్లేదు. ఏదో అడగాలని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతా, మరుగు పెట్టకుండా చెప్పు. ఆ దినం అక్క నా మీద జాలిపడి అట్ల చెప్పిందా? మా ఊర్లో ఇప్పటికీ అదే అంటారు. నేను కొట్టినానని, ఆయమ్మ దయతలచి కాపాడిందని. నా బిడ్డ కూడా అదే నమ్ముతాది."

"లేదన్నా. ఉన్నదే చెప్పింది. జిగురు ఎండకు వదిలేసింది."

"నీకెట్ల తెలుసు?"

"నాకూ అనుమానం వచ్చింది. మర్నాడు అట్లే చేసి, ఎండలో పెట్టి, లాగి సూసినా."

 అతను తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "అయితే ఆయమ్మ నన్ను కాపాడలేదు. నేను చెయ్యలేదని తెలిసే చెప్పింది" అన్నాడు. ఆ మాట రెండోసారి తనలో తాను అనుకుంటూ సమాధికి దండం పెట్టాడు. "నువ్వు ఒకసారి మా ఊరికి రా తల్లీ. నా బిడ్డకు ఇదే మాట చెప్పు" అన్నాడు.

వెళ్లాను. ఉత్త మాటలు చెబితే ఆ పిల్ల నమ్మదని నాకు తెలుసు, అందుకే ఫోమ్ ముక్క, రెండు సర్వోలు, నల్ల పట్ట కూడా తీసుకుపోయాను. మధ్యాహ్నం ఎండకు వాళ్ల ఇంటి రేకుల మీద పెట్టి, దించి, ఆ పిల్ల చేతికిచ్చాను. "లాగు" అన్నాను. వన్నూరప్ప గడప మీద కూర్చుని కూతురి వేళ్లనే చూస్తున్నాడు.